టైరు తొట్టి

ఎముక నమిలేది కుక్క అనుకుంటారు మీరు.
హుకుంట్సీ దాటి, ఇసుకలో రెండు గంటలు
లారీ వెనక కూర్చుని రండి.
మా మంద దగ్గర ఏడు నెలల ఎర్రపెయ్య
దవడ పక్కకి వాల్చి
తెల్లటి బొమిక కటకట కొరుకుతుంటుంది.
కళ్ళు మాత్రం నెమరు వేసేటప్పటి కళ్ళే.

మేనమామ రమోఖాంగ్ బతికుండగా
కర్ర పట్టుకుని వెంటబడి నోట్లోంచి లాగేసేవాడు.
"నేలకి ఏదో తక్కువైంది" అనేవాడు.
ఆ తక్కువకి ఆయన దగ్గర పేరు లేదు.
దొరికిన బొమికలన్నీ పోగేసి, బాగా కాల్చి,
బూడిద ఉప్పులో కలిపి రాతిమీద పోసేవాడు.

నిరుడు మూడు పోయాయి.
ముందు వెనక కాళ్ళు మాట వినలేదు,
తరవాత మెడ.
చివరికి నాలుక బయటికి జారి
దుమ్ము అంటుకుని అలాగే ఉండిపోయింది.
కుళ్ళిన కళేబరం విషం బొమికలో దాగి ఉంటుందట.
పశువుల డాక్టరమ్మ ఒరాతిలే
చీటీ మీద రాసి ఇచ్చింది: భాస్వరం.
ఈ నేలలో లేదు, ఎండుగడ్డిలో లేదు,
పాలు మరిచాక దూడలోనూ లేదు.
ఎదగాల్సిన బొమిక
ఎదిగి పడిపోయిన బొమికని అప్పు అడుగుతోంది.

ఆ మాట నాకు కొత్త కాదు.
రెండోవాడు కడుపులో ఉండగా
చెదపుట్ట మట్టి గోటితో గీరి తిన్నాను,
అత్త చూడకుండా, పైటచాటున కాదు, పట్టపగలే
పుట్ట వెనక కూర్చుని.
ఎవరూ నేర్పలేదు. నాలుక వెతుక్కుంది.

రెండు మేకపోతులు అమ్మి సంచులు తెచ్చాను.
డైకాల్షియం ఫాస్ఫేట్.
పలికితే తుమ్మినట్టుంటుంది.
దాన్లో ఉప్పు, పొద్దుతిరుగుడు చెక్క,
వాసనకి కాస్త బెల్లపు మడ్డి.
యూరియా ఉన్న సంచి పెద్దవాటిది.
దానికి ఎర్రతాడు కట్టి
దూడలకి అందకుండా తుమ్మకొమ్మకి వేలాడదీశాను.
"ఎర్రతాడు ముట్టకు" అని
కాపరి కుర్రాడు తుమెదికి రోజుకి రెండుసార్లు చెప్తాను.
"విన్నాను" అంటాడు, రెండుసార్లూ.

గాలిపోయిన లారీ టైరు అడ్డంగా చీల్చి తొట్టి చేశాం.
మొదటిరోజు ఒక్కటీ మూతి పెట్టలేదు.
వాసన చూసి చీదేసి పోయాయి.
పొరుగు మంద మొలాత్లెఖి వచ్చి
"సిమెంటు మేపుతున్నావా, ఇల్లు కట్టిపెడతాయా?" అన్నాడు.
నేనూ నవ్వాను.
సంచి ఖరీదు గుర్తొచ్చి ఆపేశాను.

ఐదోరోజు చుక్కలకోడె నాకింది.
ఆ తరవాత తోపులాట.
నల్లమూతులన్నీ పిండి పూసుకున్న పెళ్ళివంటవాళ్ళలా.
తూకం మిషను లేదు నా దగ్గర.
నెలకోసారి గుండె చుట్టూ తాడు వేసి ముడి పెడతాను.
పాత ముడికీ కొత్త ముడికీ మధ్య
రెండు వేళ్ళు.
చుక్కలకోడెకి మూడు.

ఎర్రపెయ్య మాత్రం రాలేదు.
గొట్టపుబావికి పడమట, ముళ్ళకంచె అవతల
రోజూ అదే చోటికి పోతుంది.
వెంట వెళ్ళాను.
పక్కటెముకలు, తొడ బొమిక,
కొంచెం దూరంలో
లోపలికి వంగిన కొమ్ము ఒకటి.
ఆ కొమ్ము ఎరుగుదును.
పాలు పిండుతుంటే వెనక్కి తల తిప్పి
నా భుజాన్ని గీరేది.

తుమెదికి చెప్పలేదు.
చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని
ఒక్క ముక్క వదలకుండా గోతంలోకి ఏరాను.
పెయ్య వెనకే నిలబడి
నా మోచెయ్యి నాకడం మొదలెట్టింది,
చెమట ఉప్పుకోసం.
గరుకు నాలుక. చర్మం లేచిపోతుందేమో అనిపించింది.
లాక్కోలేదు.

చెయ్యి కడుక్కుని, తడి ఆరకముందే
తొట్టిలో ముంచి దాని ముందు పెట్టాను.
వేళ్ళ సందుల్లో కూడా వదల్లేదు.
అలా నాలుగు రోజులు నా చేతిలోనే,
ఐదోరోజు టైరులో.

గోతాన్ని ఆ రాత్రే నిప్పుల్లో వేశాను.
మామ చెప్పినట్టు, బొమిక తెల్లబడి
వేళ్ళ మధ్య పొడి అయ్యేదాకా.

తొట్టిలో ఏమేం కలిపావని
డాక్టరమ్మ వచ్చినప్పుడు అడిగింది.
సంచి మీద ఉన్నవన్నీ చదివి వినిపించాను.